11 నెలలుగా కదలని బండి, సగం ట్యాంకు పాత పెట్రోలు: ఏం చెయ్యాలి?

గోదారి_గట్టు
ఆఫీసు పని మీద జర్మనీ వెళ్లి 11 నెలల తర్వాత మొన్న ఆదివారం కాకినాడ వచ్చాను. బండి 2012 మోడల్, 150 సీసీ, కార్బురేటర్‌ది. జనవరిలో వెళ్లేటప్పుడు ట్యాంకులో 7 లీటర్ల దాకా ఉంది. మా నాన్న ప్రతి ఆదివారం స్టార్ట్ చేసి రెండు నిమిషాలు ఉంచి ఆపేసేవారు. జూన్‌లో మోకాలి నొప్పి మొదలయ్యాక మానేశారు. అప్పటి నుంచి పెరట్లో రేకుల షెడ్డు కిందే ఉంది.

నిన్న పొద్దున్న సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ చంపేశాను. తర్వాత కిక్. లెక్కపెట్టలేదు గానీ చొక్కా పిండితే నీళ్లు కారాయి. రిజర్వ్‌లో కూడా పెట్టి చూశా. ఒక్కసారి దగ్గింది, అంతే. ట్యాంకు మూత తీసి వాసన చూస్తే అది పెట్రోలు వాసనే కాదు. పాత వార్నిష్ డబ్బా తెరిచినట్టుంది.

మా వీధి చివర మెకానిక్ "ఇంజన్ దించాలి, వారం పడుతుంది" అంటున్నాడు. నేను ఉండేదే 18 రోజులు. పాతదాని మీదే రెండు లీటర్లు కొత్త పెట్రోలు పోసి ప్రయత్నిస్తే పనవుతుందా?

రెండుచక్రాల_రాజు
ఏ కంపెనీ బండో చెప్పలేదు.

గోదారి_గట్టు
కావాలనే చెప్పలేదు. చెబితే ఆ కంపెనీ వాళ్లూ ఈ కంపెనీ వాళ్లూ కొట్టుకుని నా పెట్రోలు సంగతి మర్చిపోతారు.

రెండుచక్రాల_రాజు
నిజమే. క్షమించాను.

పాత_చేతక్
ఏమీ కాదు, కొత్త పెట్రోలు పొయ్యి, స్టార్ట్ అవుతుంది. మా రోజుల్లో స్కూటర్ ఏడాది మూలన పడి ఉన్నా ఎడమ పక్కకి ఒకసారి వంచి నాలుగు కిక్‌లు కొడితే లేచేది. ఇప్పటి పిల్లలకి ప్రతిదానికీ టెన్షనే.

కార్బురేటర్_కాశి
గోదారి గారూ, ముందు ఆ కిక్ ఆపండి. కొత్త పెట్రోలు కూడా పొయ్యకండి. 22 ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాను, ఈ కేసు నెలకి ఒకటైనా వస్తుంది. ఇంజన్ దించాల్సిన పని లేదు.

అందరూ ట్యాంకులో 7 లీటర్ల గురించి బెంగపడతారు. బండిని ఆపేది అది కాదు. పెట్రోలుని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే కార్బురేటర్ కింద గిన్నెలో ఓ నాలుగు చెంచాల పెట్రోలు నిలబడి ఉంటుంది, అదీ అసలు దొంగ. పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగం ముందు పోతుంది. బండి చల్లగా ఉన్నప్పుడు అంటుకోవడానికి పనికొచ్చేది ఆ భాగమే. మిగిలింది గాలి తగిలి చిక్కబడి జిగురవుతుంది. ట్యాంకులో ఎక్కువ పెట్రోలు ఉంది కాబట్టి అక్కడ ఇది నెమ్మదిగా జరుగుతుంది. గిన్నెలో ఉన్నది కొంచెమే, కొన్ని వారాల్లోనే మొదలవుతుంది. ఆ జిగురు వెళ్లి పైలట్ జెట్, అంటే స్టార్టింగ్‌కి పెట్రోలు వదిలే చిన్న ఇత్తడి ముక్క, దాని రంధ్రంలో కూర్చుంటుంది. ఆ రంధ్రం సూది మొనంత. అది మూసుకుపోతే మీరు పైన అమృతం పోసినా స్టార్టింగ్ రాదు.

మూడు సంగతులు చెప్పండి. పెట్రోలు కాక్ (ట్యాంకు కింద కుళాయి) ఇన్నాళ్లూ ఆన్‌లో ఉందా, ఆఫ్‌లోనా? ఇంజన్ ఆయిల్ గేజీ బయటికి తీసి చూశారా? షెడ్డులో వాన పడుతుందా?

గోదారి_గట్టు
కాక్ ఆన్‌లోనే ఉంది. ఎప్పుడూ ఆఫ్ చేసిన గుర్తు లేదు, నిజానికి ఆఫ్ అని ఒకటుందని నాకు ఈ మధ్యే తెలిసింది. ఆయిల్ చూడలేదు. మొన్న అక్టోబరు చివర మొంథా తుఫాను గాలికి షెడ్డు రేకు ఒకటి లేచిపోయిందట. వారం తర్వాత బిగించారు. బండి మీద కవరు కప్పే ఉంది అంటున్నారు నాన్న.

కార్బురేటర్_కాశి
అయితే ఆయిల్ గేజీ తీసి వాసన చూడండి. వేళ్ల మధ్య రుద్ది చూడండి. చూసేదాకా కిక్ రాడ్డు మీద కాలు పెట్టొద్దు.

స్కూటీ_సుజాత
ఆయిల్‌కీ పెట్రోలుకీ సంబంధం ఏమిటి? రెండూ వేరు కదా?

కార్బురేటర్_కాశి
వేరే ఉండాలమ్మా. కార్బురేటర్ గిన్నెలో ఒక ఫ్లోటు ఉంటుంది, మన ఇంటి మీద ట్యాంకులో బాల్ వాల్వు లాంటిదే. గిన్నె నిండగానే అది లేచి సూదితో దారి మూస్తుంది. జిగురు పట్టి ఆ సూది సరిగ్గా కూర్చోకపోతే, కాక్ ఆన్‌లో ఉంటే, పెట్రోలు బొట్టుబొట్టుగా కారుతూనే ఉంటుంది. కొంత బయటికి పోతుంది, కొంత ఇంజన్‌లోకి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. పల్చబడ్డ ఆయిల్‌తో ఇంజన్ తిప్పితే లోపల భాగాలు అరిగిపోతాయి. సిలిండర్‌లో పెట్రోలు నిండి ఉండగా గట్టిగా కిక్ కొడితే ఇంకా పెద్ద నష్టం.

గోదారి_గట్టు
చూశా. గేజీ మీద పై గీత దాటి ఉంది. వెళ్లే ముందు సర్వీసింగ్‌లో సరిగ్గా గీత దగ్గరే పోశారు. వాసన... అవును, పెట్రోలే. ఇన్ని కిక్‌లు కొట్టాను కదా, ఏమైనా అయి ఉంటుందా?

కార్బురేటర్_కాశి
స్టార్ట్ కాలేదు కాబట్టి బతికిపోయారు. ఆయిల్ మొత్తం దించి కొత్తది పొయ్యాలి. ఫిల్టర్ ఉంటే అదీ. కంగారు పడకండి.

వైజాగ్_వీధులు
అసలు నేరస్థుడు ఇథనాల్, పెట్రోల్లో కలిపే ఆల్కహాల్. 2022 జూన్ నాటికి దేశమంతా సగటున 10 శాతం కలిపే లెక్కకి వచ్చాం. 2025లో 20 శాతం. మన సముద్రం పక్క ఊళ్లలో గాలిలో తేమ ఎంతో చెప్పక్కర్లేదు, ఉప్పు డబ్బా మూత తీసి ఉంచితే సాయంత్రానికి ముద్ద. ఇథనాల్ కూడా అంతే, గాలిలో నీటిని తాగుతుంది. తాగి తాగి ఒకరోజు పెట్రోలుని వదిలేసి నీటితో కలిసి అడుక్కి దిగిపోతుంది. పైన మిగిలిన పెట్రోలుకి ఆక్టేన్ తగ్గిపోతుంది. అటు అడుగుదీ పనికిరాదు, ఇటు పైదీ పనికిరాదు.

నిజాంసాగర్_నీళ్లు
సగం కరెక్ట్ అన్నా. ఇథనాల్ నీటిని తాగుతది, విడిపోయి అడుక్కి పోతది, ఈ రెండూ నిజమే. కానీ మూత బిగించి ఉన్న ట్యాంకులో ఒక్క గాలి తేమతోనే విడిపోవాలంటే చాలా కాలం పడుతది. పైగా ఇథనాల్ శాతం ఎక్కువ ఉన్న పెట్రోలు విడిపోకుండా ఎక్కువ నీటినే తనలో ఇముడ్చుకుంటది, తక్కువ కాదు. ట్యాంకు అడుగున కంటికి కనబడేంత నీటి పొర ఉంటే అది గాల్లోంచి రాలేదు, వాన నుంచి వచ్చింది. ప్రతిదానికీ ఇథనాల్‌ని తిడితే అసలు కన్నం ఎక్కడుందో వెతకం.

వైజాగ్_వీధులు
మీది నిజామాబాద్ ఎండ తమ్ముడూ, మా బీచ్ రోడ్డులో రెండేళ్లు ఉండి చెప్పు.

నిజాంసాగర్_నీళ్లు
ఎండ మాదే, బండి మాత్రం కార్ఖానాలో పని చేసే కెమిస్టుది :) గోదారి అన్నా, అడుగు పెట్రోలు కొంచెం తెల్ల గాజు సీసాలో పట్టి పది నిమిషాలు కదలకుండా ఉంచు. గొడవ తేలిపోతది.

పొలంగట్టు
ఇది బండ్లకే కాదు. మా కలుపు కోసే మిషను, మందు కొట్టే పవర్ స్ప్రేయర్, రెండూ టూ స్ట్రోక్. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోస్తాం. సీజను అయిపోయాక అలాగే మూలన పడేసి తర్వాతి ఖరీఫ్‌కి తీస్తే ఒక్కటీ లేవదు. వాటి కార్బురేటర్లో పల్చటి రబ్బరు పొర ఉంటుంది, అది అట్టలా బిగుసుకుపోతుంది. ఇప్పుడు సీజను చివర ట్యాంకు వంపేసి, మిషను దానంతట అదే ఆగేదాకా నడిపి, అప్పుడు గోడకి తగిలిస్తున్నాను. మూడేళ్లుగా మెకానిక్ మొహం చూడలేదు.

పాత_చేతక్
మేమూ టూ స్ట్రోకే నడిపాం. పెట్రోలు బంకులో ఆయిల్ కలిపించుకునే వాళ్లం. ఏ పొరా బిగుసుకోలేదు.

రెండుచక్రాల_రాజు
మీరు స్కూటర్ వంచేది దేనికి మాస్టారూ? వ్యాయామానికా?

పాత_చేతక్
...సరే, ఒప్పుకుంటున్నాను. ప్లగ్గు కూడా వారానికోసారి ఇసుక కాగితంతో రుద్దేవాణ్ని.

గోదారి_గట్టు
ట్యాంకులోంచి పెట్రోలు తియ్యడం ఎలా? మా బాబాయి పైపు పెట్టి నోటితో లాగేద్దాం అంటున్నాడు.

స్కూటీ_సుజాత
వద్దు వద్దు వద్దు. మా పెదమావయ్య ఇదే పని చేశాడు. ఒక్క గుటక లోపలికి పోయింది. ఇంట్లో వాళ్లు కంగారుపడి వేలు పెట్టి కక్కించారు. అది ఇంకా పెద్ద తప్పట. ఆసుపత్రిలో డాక్టరు గారు తిట్టారు. పెట్రోలు కడుపులో కంటే ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం, కక్కినప్పుడే అలా పోతుంది అని చెప్పారు. నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఆ తర్వాత రెండు నెలలు దగ్గు.

కార్బురేటర్_కాశి
సుజాత గారు చెప్పింది గోడ మీద రాసుకోండి. నోటితో లాగే అవసరమే లేదు. కాక్ నుంచి కార్బురేటర్‌కి వచ్చే పైపు కార్బురేటర్ దగ్గర ఊడదీసి క్యానులోకి పెట్టి కాక్ తిప్పితే దానంతట అదే దిగుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట చెయ్యండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతూ పోతుంది. పక్కన పొయ్యి, పూజ దీపం, సిగరెట్టు, స్విచ్చులు ఏవీ ఉండకూడదు.

ముందు ఆన్‌లో పెట్టి దించండి, తర్వాత రిజర్వ్‌లో. ఆ రెండూ వేర్వేరు డబ్బాల్లో పట్టండి. ఎందుకంటే ట్యాంకు లోపల ఆన్ గొట్టం పొడుగ్గా పైకి నిలబడి ఉంటుంది, రిజర్వ్ దారి అడుగునే ఉంటుంది. నీరుంటే అడుగున ఉంటుంది. మీరు నిన్న రిజర్వ్‌లో పెట్టి కిక్ కొట్టారన్నారే, ట్యాంకు అడుగున ఉన్న మడ్డంతా అప్పుడే కార్బురేటర్‌కి తాగించారు.

గోదారి_గట్టు
చంపేశారు.

మిషిగన్_మావయ్య
ఇక్కడ మా దగ్గర ఇది ఏటా వచ్చే పండగ. గడ్డి కోసే మిషను అక్టోబరులో పక్కన పెడితే మళ్లీ ఏప్రిల్‌లోనే. ఇక్కడి పెట్రోల్లోనూ మామూలుగా 10 శాతం ఇథనాల్ ఉంటుంది. ఫ్యూయల్ స్టెబిలైజర్ అని సీసాలు అమ్ముతారు. మొదటి ఏడాది నేను ఏప్రిల్‌లో, పాడైన పెట్రోల్లో పోశాను. పాలు విరిగాక ఫ్రిజ్‌లో పెట్టినట్టు. అది తాజా పెట్రోల్లో పొయ్యాలి, పోశాక ఇంజన్ ఓ పది నిమిషాలు నడపాలి, అప్పుడే ఆ మందు కార్బురేటర్ దాకా చేరుతుంది. ఇండియాలో కూడా ఆన్‌లైన్లో దొరుకుతున్నట్టుంది. గోదారి తమ్ముడికి ఈసారికి పనికిరాదు, మళ్లీ వెళ్లేటప్పుడు చూసుకోవచ్చు.

రెండుచక్రాల_రాజు
100 ఆక్టేన్ పెట్రోలు పోస్తే పాతబడదు అంటారు కదా?

నిజాంసాగర్_నీళ్లు
ఆక్టేన్ వేరు, ఆయుష్షు వేరు. ఆక్టేన్ అంటే ఇంజన్‌లో నొక్కిడి వల్ల ముందే పేలిపోకుండా తట్టుకునే గుణం. ఖరీదైన పెట్రోలు కూడా గిన్నెలో ఆరు నెలలు ఉంటే జిగురే, కాకపోతే ఖరీదైన జిగురు.

గోదారి_గట్టు
ఫలితాలు. ఆన్‌లో దిగింది దాదాపు 5 లీటర్లు. రంగు టీ డికాషన్ కంటే కొంచెం లేత. రిజర్వ్‌లో దిగినదాన్ని గాజు సీసాలో పట్టాను. అడుగున రెండు వేళ్ల మందం వేరే పొర! పైన పసుపు, కింద మసక తెలుపు, మధ్యలో గీత గీసినట్టు. నీళ్లలో తుప్పు నలకలు కూడా ఉన్నాయి.

నిజాంసాగర్_నీళ్లు
చెప్పానా! రెండు వేళ్ల పొర గాలి తేమ కాదన్నా. వాన లోపలికి ఎక్కడ దిగిందో చూడు.

వైజాగ్_వీధులు
కింద పొరలో ఉన్నది ఇథనాల్ కూడా కదా. వాన పడ్డా, ఇథనాల్ లేని పెట్రోలైతే నీళ్లొక్కటే కిందికి పోయేవి, పై పెట్రోలైనా మిగిలేది. ఇప్పుడు అదీ పోయింది. నా వాదన నేను వదలను.

నిజాంసాగర్_నీళ్లు
ఆ మాటకి ఒప్పుకుంటా. సగం సగం.

కార్బురేటర్_కాశి
మూత చుట్టూ చూడండి. ట్యాంకుతో సమంగా పడుకునే రకం మూత అయితే, దాని కింద గుంటలో ఒక మూల చిన్న రంధ్రం ఉంటుంది. మూత మీద పడ్డ వాన నీరు ఆ రంధ్రంలోంచి గొట్టం గుండా బండి కిందికి పోవాలి. దుమ్ము చేరి అది మూసుకుపోతే నీరు గుంటలో నిలిచి, రబ్బరు వాషరు పాతదైతే నెమ్మదిగా ట్యాంకులోకి దిగుతుంది.

గోదారి_గట్టు
కాశి గారూ, మీకు దండం. రంధ్రం నిండా మట్టి, అందులో కందిరీగ గూడు. కవరు కప్పే ఉందన్న నాన్న మాట నిజమే, కానీ కవరు సీటు మీద ఉందట, ట్యాంకు మీద పిల్లి పడుకుంటోందని పక్కకి జరిపారట.

రెండుచక్రాల_రాజు
తుఫాను, ఇథనాల్, కందిరీగ, పిల్లి. నలుగురు ముద్దాయిలు.

స్కూటీ_సుజాత
నా సంగతి కూడా చెప్పుకుంటాను. నాది 2021 స్కూటర్. కార్బురేటర్ లేదు, ఇంజెక్షన్. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక దాదాపు అన్నీ అవే కదా. పురిటికి పుట్టింటికి వెళ్లి ఐదున్నర నెలల తర్వాత హైదరాబాద్ వచ్చాను. కిందటి వీకెండ్ అంతా సెల్ఫ్ కొట్టాం, లాభం లేదు. కీ ఆన్ చెయ్యగానే ట్యాంకులోంచి "జుయ్" మని శబ్దం రావాలి, రాలేదు. సర్వీస్ సెంటర్‌లో మొత్తం పంపు సెట్టు మార్చాలన్నారు, బిల్లు చూసి నీరసం వచ్చింది. తర్వాత తెలిసింది, పంపు బాగానే ఉంది, దాని అడుగున జల్లెడ మూసుకుపోయిందంతే. అది ఒక్కటి మార్చినా సరిపోయేదని వేరే మెకానిక్ అన్నాడు. పాత పంపు తిరిగి ఇమ్మని అడగలేదు, అదీ నా బాధ.

కార్బురేటర్_కాశి
మార్చిన పాత సామాను ఎప్పుడూ అడిగి తీసుకోండి అందరూ. మా షెడ్డుకి వచ్చేవాళ్లకీ ఇదే చెబుతాను. ఇంజెక్షన్ బండికి ఒక మంచి, ఒక చెడు. అందులో పెట్రోలు గాలికి తెరుచుకున్న గిన్నె లేదు, కాబట్టి కార్బురేటర్ కంటే ఎక్కువ కాలం తట్టుకుంటుంది. కానీ పాడైతే ఇంట్లో కూర్చుని స్క్రూ డ్రైవర్‌తో విప్పేది కాదు. జుయ్ శబ్దం వచ్చినా స్టార్ట్ కాకపోతే ఇంజెక్టర్ క్లీనింగ్ చేయించాలి. సెల్ఫ్ ఐదు సెకన్లకి మించి నొక్కి పట్టుకోకూడదు, మధ్యలో అర నిమిషం ఆగాలి.

డీజిల్_దొర
అందుకే డీజిల్ బండి కొనాలి. నా కారు లాక్‌డౌన్‌లో నాలుగు నెలలు నిలబడింది, ఒక్క సెల్ఫ్‌కి లేచింది.

పొలంగట్టు
డీజిల్‌కి వేరే జబ్బు ఉంది దొరా. ట్యాంకులో కొంచెం నీరు చేరితే, నీటికీ డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిడ్డులా తయారవుతుంది, ఫిల్టర్ మూసుకుపోతుంది. మా ట్రాక్టరుకి ఫిల్టర్ గిన్నె కింద మర ఉంటుంది, నెలకోసారి విప్పి నీళ్లు వదులుతాం. తర్వాత పంపు కొట్టి గాలి తియ్యాలి, లేకపోతే అదీ లేవదు.

డీజిల్_దొర
నా కారుకి అలాంటి మర ఉందా అసలు? రేపు చూస్తాను.

గోదారి_గట్టు
కాశి గారు చెప్పినట్టు ట్యాంకు విప్పాను. కాక్ రెండు బోల్టులు తీస్తే అడుగున మిగిలిన మడ్డి కూడా వచ్చేసింది. లోపల టార్చి వేసి చూస్తే అడుగున అరచేయంత మేర తుప్పు. టార్చి అంటే బ్యాటరీదే, పెట్రోలు మొత్తం తీసి, ఎండలో ఆరబెట్టాకే వేశాను, తిట్టకండి.

తుప్పు ఎలా తియ్యాలి? బాబాయి గులకరాళ్లు వేసి ఊపమంటున్నాడు. (ఇదే బాబాయి.)

కార్బురేటర్_కాశి
ఈసారి బాబాయి కరెక్టే! కాకపోతే గులకరాళ్లు అరిగి ఇసుకవుతాయి, లోపల మిగిలిపోతాయి. చిన్న నట్లు పాతిక వేసుకుని, లెక్కపెట్టుకుని, వెనిగర్ పోసి ఒక రాత్రి ఉంచి, పొద్దున్న ఊపండి. లెక్కపెట్టినన్ని బయటికి రావాలి. తర్వాత తినే సోడా కలిపిన నీళ్లతో కడిగి, మళ్లీ మంచినీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టాలి. ఎండలో పెట్టి వదిలేస్తే మధ్యాహ్నానికి కొత్త తుప్పు వస్తుంది, జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ ఉంటే మంచిది. అయితే లోపల పెట్రోలు వాసన పూర్తిగా పోయాకే డ్రయ్యర్ ముట్టుకోండి. ఆరాక కొంచెం పెట్రోలు పోసి తిప్పి, పారబోసి, అప్పుడు బిగించండి. ట్యాంకు రంగు మీద వెనిగర్ పడకుండా చూసుకోండి.

వైజాగ్_వీధులు
పాతిక నట్లు వేసి ఇరవై నాలుగు వస్తే?

కార్బురేటర్_కాశి
ఆ ఒక్కటి వచ్చేదాకా ఊపడమే. నాకొకసారి అర్ధరాత్రి అయింది.

గోదారి_గట్టు
కార్బురేటర్ నేనే విప్పనా? పైలట్ జెట్‌ని పిన్నీసుతో పొడిచి శుభ్రం చేస్తే చాలదా?

కార్బురేటర్_కాశి
పిన్నీసు వద్దు. జెట్ ఇత్తడిది, మెత్తన. ఉక్కు సూదితో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది, తర్వాత బండి జీవితాంతం పెట్రోలు తాగుతుంది. కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి, పంక్చర్ షాపులో గాలి పెట్టించండి. మరీ మొండికేస్తే కరెంటు వైరులోంచి ఒక రాగి పోగు తీసి మెల్లగా. ఇంకో సంగతి, మీ 150 సీసీ బండికి పైన పల్చటి నల్ల రబ్బరు పొర ఉండే రకం కార్బురేటర్ కావచ్చు. ఆ రబ్బరు మీద స్ప్రే పడితే ఉబ్బి పాడవుతుంది. ముందు అది తీసి పక్కన పెట్టండి. ప్రతి మెట్టూ ఫోనులో ఫొటో తీసుకోండి. విప్పేవాడికి అన్నీ గుర్తుంటాయి, బిగించేవాడికి ఒక స్ప్రింగు మిగులుతుంది.

గోదారి_గట్టు
ఇద్దరూ నేనే అయితే?

కార్బురేటర్_కాశి
అప్పుడు రెండు మిగులుతాయి.

మిషిగన్_మావయ్య
ఆ దించిన 7 లీటర్లు ఏం చేస్తున్నావు?

గోదారి_గట్టు
నాన్న కూల్‌డ్రింకు సీసాల్లో పోసి మెట్ల కింద పెట్టారు. "భోగి మంటకి పనికొస్తుంది" అంటున్నారు.

స్కూటీ_సుజాత
కూల్‌డ్రింకు సీసాల్లోనా! ఇంట్లో పిల్లలు లేరా?

గోదారి_గట్టు
అక్క పిల్లలు సంక్రాంతికి వస్తారు. ఇప్పుడే లేచి వెళ్తున్నా.

పొలంగట్టు
భోగి మంటలో పెట్రోలు పోసే వాళ్లని మా ఊళ్లో చూశాను. కిరసనాయిలు అనుకుంటారు. కాదు. ఆవిరి ముందు పాకి, పోసినవాడి చేతిలో సీసా దాకా మంట వస్తుంది. మా పక్కింటి కుర్రాడికి కనుబొమలు రెండేళ్లకి గానీ సరిగ్గా రాలేదు. అదృష్టవంతుడు అనాలి.

నిజాంసాగర్_నీళ్లు
పైన దిగిన 5 లీటర్లు కూడా వాడకు, నీరు తగిలిన ట్యాంకులోది. నీళ్లు చేరనిది, రెండు మూడు నెలలదే, వాసన మరీ మారనిదైతే కారు ట్యాంకు నిండా కొత్త పెట్రోలు ఉన్నప్పుడు ఒక లీటరు కలిపితే పోతుండె. ఇది అట్లాంటిది కాదు. కాలవలో, బావి పక్క మట్టిలో మాత్రం పొయ్యకు. అది భూమిలోకి దిగితే తాగే నీళ్లే పోతయి. మూత గట్టిగా బిగిసే ఇనప క్యానులో పోసి, వాడిన ఆయిల్ తీసుకెళ్లే వాళ్లు వచ్చే పెద్ద షెడ్డు ఏదైనా ఉంటే అడుగు.

కార్బురేటర్_కాశి
అడగండి గానీ, వాడిన ఆయిల్ పీపాలో కలపనివ్వకండి. విడిగానే ఉండాలి.

గోదారి_గట్టు
మూడు రోజుల తర్వాత అప్‌డేట్. వెనిగర్ పోశా, నట్లు పాతికకి పాతిక వచ్చాయి (రెండుసార్లు లెక్కపెట్టాను). కార్బురేటర్ గిన్నె విప్పితే అడుగున తెల్లటి పొడి, పైన బెల్లం పాకంలా గోధుమ రంగు పూత. పైలట్ జెట్ వెలుతురుకి పట్టి చూస్తే ఏమీ కనబడలేదు, పూర్తిగా మూసుకుంది. స్ప్రే, గాలి, చివరికి రాగి పోగు. వెలుతురు కనబడిన క్షణం ఉద్యోగం వచ్చినప్పుడు కూడా అంత సంతోషపడలేదు.

కొత్త ఆయిల్, కొత్త ప్లగ్గు, మూత రబ్బరు వాషరు కొత్తది. బ్యాటరీ ఛార్జింగ్‌కి ఇచ్చాను, మళ్లీ పట్టుకుంది. మూడు లీటర్లు కొత్త పెట్రోలు పోసి, చోక్ లాగి కిక్ కొడితే నాలుగోదానికి లేచింది. కాసేపు తెల్ల పొగ. వీధిలో అందరూ చూశారు. ఉప్పాడ దాకా వెళ్లొచ్చాను, మధ్యలో ఒక్కసారి కూడా దగ్గలేదు.

స్ప్రింగు ఒకటి మిగిలింది. కానీ అది పెన్నులోది అని తేలింది.

రెండుచక్రాల_రాజు
ఇంజన్ దించాలన్న మెకానిక్ ఏమన్నాడు?

గోదారి_గట్టు
బండి శబ్దం విని బయటికి వచ్చి "నేను చెప్పానా, చిన్న పనే అని" అన్నాడు.

పాత_చేతక్
ఇంతకీ వంచి చూశావా?

గోదారి_గట్టు
వంచాను మాస్టారూ, మీ మీద గౌరవంతో.

ఇంకో ప్రశ్న. పన్నెండు రోజుల్లో మళ్లీ వెళ్లిపోతాను, ఈసారి ఎనిమిది నెలలు. ట్యాంకు నిండా పోసి ఉంచాలా, ఖాళీ చెయ్యాలా?

వైజాగ్_వీధులు
ఖాళీ. ఉంటేనే కదా పాడయ్యేది.

మిషిగన్_మావయ్య
నిండా. ఖాళీ ఇనప ట్యాంకులో గాలి, తేమ, తుప్పు. తాజా పెట్రోలు మెడ దాకా పోసి స్టెబిలైజర్ కలిపెయ్యి.

కార్బురేటర్_కాశి
ఇద్దరూ కరెక్టే, గిన్నె గురించి ఇద్దరూ చెప్పలేదు. ఇనప ట్యాంకు నిండా ఉంటే తుప్పు పట్టదు. కార్బురేటర్ గిన్నె మాత్రం ఖాళీగా ఉండాలి. కాక్ ఆఫ్ చేసి ఇంజన్ ఆగిపోయేదాకా నడపండి, తర్వాత గిన్నె కింద మర విప్పి మిగిలిన బొట్లు వదలండి. బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదీయండి. సైలెన్సర్ నోట్లో గుడ్డ కుక్కి పైన ప్లాస్టిక్ కవరు కట్టండి, ఎలుకలు దూరకుండా. ఎర్ర గుడ్డ అయితే మంచిది, స్టార్ట్ చేసే ముందు కనబడుతుంది.

మీ నాన్నగారి రెండు నిమిషాల స్టార్టింగ్ మాత్రం వద్దు. అంతలో ఇంజన్ వేడెక్కదు, సైలెన్సర్‌లో నీరు చేరి తుప్పు పడుతుంది. తీస్తే పది పదిహేను కిలోమీటర్లు తిప్పాలి, లేదా అసలు ముట్టుకోకూడదు.

గోదారి_గట్టు
నాన్న ఈ పోస్టు చదివారు. "రెండు నిమిషాలు కాదు, ఐదు నిమిషాలు ఉంచేవాణ్ని" అని చెప్పమన్నారు.

చివరికి ఇంట్లో తేల్చిందేమిటంటే, బాబాయి కొడుకు కాలేజీకి రోజూ బండి తీసుకెళ్తాడు. జేఎన్‌టీయూ దాకా, రానూపోనూ.

వైజాగ్_వీధులు
ఇంక పెట్రోలు పాతబడదు. బండి సంగతే చెప్పలేం.

కొత్తగా_చేరా_తునిలో
మొత్తం చదవలేదు, ఆఫీసులో ఉన్నాను. మా మావయ్య గారి కారు 8 నెలలుగా కదల్లేదు, పెట్రోలుదే. సెల్ఫ్ కొట్టొచ్చా?

కార్బురేటర్_కాశి
ఆగండి. ముందు ఆయిల్ గేజీ తీసి వాసన చూసి రండి.